నైవేద్యమునకు మామిడిపండు

భక్తితో సమర్పించిన ఆకునైనను, పూవునైనను, పండునైనను, నీటినైనను స్వీకరింతునని గీత తొమ్మిదవ అధ్యాయము 26వ శ్లోకమున భగవానుడు సెలవిచ్చెను. మన తెలుగునాట అనేక వైష్ణవ గృహములలో వేసవిని తొలి మామిడిపండు స్వామికి నివేదింపక నోట పెట్టరు. అది నూజివీటి చిన్నరసము కావచ్చును. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బనగానపల్లె కావచ్చును. మొదటిది పిండి జుఱ్ఱుకొనదగినది. రెండవది పీచులేనిదగుటచే ముక్కలు కోయుటకు అనువైనది. మా యింట మాత్రము రసమునకే పెద్దపీట.

అంగడిపండు కొనువారు ఒకటి గమనింపవలెను. కాయను గడ్డిలో మాగవేసినచో, దానినుండియే వెలువడు ఎథిలీను వాయువు అందు నిలిచి పండించును. త్వరపడు వర్తకులు కొందఱు కాల్షియం కార్బైడు వాడుదురు. తేమ తగిలిన అది ఎసిటిలీనును విడుచును. అందు ఆర్సెనిక్కు, భాస్వరముల జాడలుండుటచే ఆరోగ్యమునకు హాని. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దీనిని నిషేధించినవి. అట్టి పండు తొక్క పసుపుగా నున్నను లోపల పుల్లగా నుండవచ్చును. రుచిచూచినగాని తెలియదు, రుచిచూచినది నివేదనకు పనికిరాదు.

శబరి రుచిచూచి ఇచ్చెనందురా? అది లోకప్రసిద్ధమైన కథ. వాల్మీకి రామాయణమున ఆమె పంపాతీరమున వన్యాహారమును సేకరించి యుంచెననియే కలదు. ఎంగిలి ప్రసక్తి లేదు.

కావున టెంక ముదిరిన కాయలు కొని, గడ్డి పఱచిన గంపలో ఇంటనే మాగవేసికొనుట మేలు. కొన్ని దినములు ఆలస్యమగును. అంతవఱకు పిల్లలు గంపచుట్టు తిరుగుచునే యుందురు.