పాత జీపు ట్రక్కు: ఇంజను బాగుచేయించవలెనా, మార్చవలెనా?



చాలా గ్రామాలలో నేడు సంఘం ముంగిటనే బల్క్ కూలర్లు వెలిసినవి. ట్యాంకరు అక్కడికే వచ్చి పాలు తీసుకొనిపోతున్నది. అయినను వాగులకు, గుట్టలకు ఆవల ఉన్న శివారు పల్లెలనుండి, తండాలనుండి క్యాన్లను కూలరు వద్దకు చేర్చే పని అక్కడక్కడ మిగిలియున్నది. తారు రోడ్డు లేని అటువంటి దారులలో కొన్ని సంఘాలు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత జీపు ట్రక్కులనే ఇంకను నడుపుకొంటున్నవి. బండి గట్టిది. ఇంజను మాత్రం అలసిపోయినది. అప్పుడు పాలకవర్గం ముందుకు ఒక ప్రశ్న వస్తుంది. ఉన్న ఇంజనును బాగుచేయించి మెరుగుపరచుకొనుటా? లేక దానిని దించివేసి వేరొక ఇంజను ఎక్కించుటా?

ఇది మెకానిక్కు ఒక్కడే తేల్చవలసిన ప్రశ్న కాదు. ఖర్చు సభ్యుల బోనసులోనుండి పోతుంది. బండి ఆగినచో విరిగేవి సభ్యుల పాలు. కావున దీనిని ఒక పాఠంగా తీసుకొని వివరించదలచితిమి.

మేము చేసిన పొరపాటు

1990ల తొలి సంవత్సరాలలో, మేము ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులలో, కొండల దాపున ఉన్న ఒక సంఘాన్ని తనిఖీ చేసితిమి. వారికి ప్రభుత్వ వేలంలో కొన్న పెట్రోలు జీపు ట్రక్కు ఉండెడిది. లాగ్ పుస్తకం తిరగవేయగా పెట్రోలు ఖర్చు అధికంగా కనిపించినది. "ఇంధన వ్యయం హెచ్చు. డీజిలు ఇంజను విషయం పరిశీలించవలెను" అని తనిఖీ నివేదికలో వ్రాసితిమి. ఖర్చు ఎందువల్ల హెచ్చినదో మాత్రం విచారించలేదు.

సంఘం వారు మా మాట మన్నించి ఒక ట్రాక్టరు డీజిలు ఇంజనును అమర్చించిరి. ఇంధనం ఖర్చు నిజంగానే తగ్గినది. కాని ఆరు నెలలు తిరగకముందే ఒక ఉదయం వాగు మధ్యలో గేరుబాక్సు షాఫ్టు విరిగినది. పన్నెండు క్యాన్లు ఇసుకలో దించవలసి వచ్చినది. ఎడ్లబండ్లు కట్టించి శీతలీకరణ కేంద్రానికి చేర్చేసరికి ఎండ ముదిరినది. అక్కడ మరగించి చూడగా పాలు విరిగినవి. ఆ పూట సభ్యులకు దక్కినది ఏమీ లేదు.

తరువాతి సమావేశానికి మేము వెళ్ళగా ఒక వృద్ధ సభ్యురాలు లేచి, "అయ్యా, బండి నూనె తాగుతుందో నీళ్ళు తాగుతుందో మాకు తెలవదు. మా పాలు పొద్దెక్కకముందే చేరాలె. దానికి ఏది మంచిదో అది చెప్పండి" అనినది. మా వద్ద జవాబు లేకపోయినది.

ఇంకొక సంగతి ఆ తరువాత తెలిసినది. దించివేసిన పాత ఇంజనును కొన్న వ్యక్తి రెండు వాల్వులు మార్పించి, కార్బురేటరు శుభ్రం చేయించి, దానిని చక్కగా నడుపుకొంటున్నాడు. జబ్బు ఏమిటో తెలియకుండానే రోగిని ఇంటినుండి పంపివేసితిమి. ఆ అమ్మకానికి సంఘం పుస్తకాలలో రసీదు కూడ కనబడలేదు.

పాత ఇంజను సంగతి

మన దేశంలో మహీంద్రా సంస్థ 1947 నుండి విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చడం ప్రారంభించినది. 1953లో అమెరికాలో వచ్చిన సి.జె.-3బి నమూనా తరువాత ఇక్కడ ఎన్నో ఏండ్లపాటు తయారైనది. దాని ఇంజను పేరు హరికేన్. నాలుగు సిలిండర్లు, సుమారు 2,200 సి.సి. సిలిండరు బోరు 79.4 మిల్లీమీటర్లు కాగా పిస్టన్ నడక 111 మిల్లీమీటర్లు. నడక ఇంత పొడవుగా ఉండుటచేత తక్కువ వేగంలోనే బాగా లాగుతుంది. 4,000 చుట్ల వద్ద సుమారు 72 అశ్వశక్తి, 2,000 చుట్ల వద్ద సుమారు 15.7 కిలోగ్రాం-మీటర్ల లాగుడు బలం దీనికి చెప్పబడినవి.

డీజిలు ఇంజను అనగానే లాగుడు ఎక్కువ అని మనవారి నమ్మకం. అన్నివేళలా అది నిజం కాదు. తరువాతి జీపులలో వచ్చిన ప్యూజో ఎక్స్.డి.పి. 4.90 డీజిలు ఇంజను 2,112 సి.సి., సుమారు 62 అశ్వశక్తి, సుమారు 12.3 కిలోగ్రాం-మీటర్లు. అనగా కాగితం మీద అది పాత పెట్రోలు ఇంజనుకంటె తక్కువ బలం గలది. దానివల్ల కలిగిన లాభం ఇంధనంలో పొదుపు.

మొదట పరీక్ష, ఆ పిమ్మట తీర్మానం

ఇంజనును వేడెక్కనిచ్చి, నాలుగు ప్లగ్గులు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, సెల్ఫుతో తిప్పుతూ ఒక్కొక్క సిలిండరు కంప్రెషన్ కొలిపించవలెను. బ్యాటరీ నిండుగా ఉండవలెను. నాలుగు అంకెలను కాగితం మీద వ్రాయించి కార్యదర్శి సంతకం చేయవలెను. సిలిండర్ల మధ్య తేడా 10 పౌండ్లకు మించరాదు.

ఒక సిలిండరులో తగ్గినచో ఆ రంధ్రంలో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలవవలెను. అంకె పెరిగినచో రింగులు, బోరు అరిగినవని అర్థం. పెరగనిచో వాల్వు పట్టడం లేదని అనుమానించవలెను. పక్కపక్క రెండు సిలిండర్లలో తగ్గినచో హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చును. ఈ పరీక్షకు ఒక గంట పట్టును. ఆ రోజులలో మేము ఈ గంట వెచ్చించి ఉండినచో పన్నెండు క్యాన్ల పాలు దక్కియుండెడివి.

వీటితోపాటు రేడియేటరు పూడినదా, కార్బురేటరు కారుచున్నదా, బ్రేకులు పట్టి ఈడ్చుచున్నవా అని చూడవలెను. బ్రేకు పట్టి ఉన్న బండి ఏ ఇంజను పెట్టినను ఇంధనం తాగుతూనే ఉంటుంది.

బాగుచేయించే పద్ధతి

బ్లాకు పగలక, క్రాంకు షాఫ్టు నిలిచియున్న యెడల బాగుచేయించుట మేలు. అవసరమైనచో లేతు మీద బోరు చేయించి పెద్ద సైజు పిస్టన్లు, రింగులు వేయించవలెను. ఈ ఇంజనులో లోపలికి గాలి తీసుకొనే వాల్వులు హెడ్డులోను, పొగ పంపే వాల్వులు బ్లాకులోను ఉంటవి. కాలిపోయేవి సాధారణంగా పొగ వాల్వులే. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముచున్నారు. సీసం వాల్వు సీట్లకు కొంత రక్షణ ఇచ్చేది. కనుక ఇప్పుడు ఆ సీట్లను ప్రత్యేకంగా పరీక్షించి గట్టివి వేయించవలెను.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023 నుండి అమ్మకానికి వచ్చినది. పాత కార్బురేటరులోని, పెట్రోలు పంపులోని రబ్బరు భాగాలు దీనికి తట్టుకోలేవు. గొట్టాలు, డయాఫ్రం, సీళ్ళు ఇథనాలుకు నిలిచే రకానివి వేయించుకోవలెను.

మెరుగుపరచుట అనగా వేగం పెంచుట అని అనుకోరాదు. పాయింట్లకు బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, డైనమోకు బదులు ఆల్టర్నేటరు, రేడియేటరుకు కొత్త కోర్ - ఈ మూడు పనులు బండి ఉదయమే స్టార్టయి, దారిలో వేడెక్కి ఆగకుండుటకు తోడ్పడును. ముఖ్యమైన సూచన ఒకటి: పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు చేతికి వచ్చిన పిమ్మటనే ఇంజను విప్పించవలెను. విప్పిన తరువాత సామాను కొరకు వెదకినచో బండి నెలల తరబడి షెడ్డులోనే పడియుండును.

మార్చే పద్ధతి

ఇంజను మార్చుట అనగా ఇంజనును మాత్రమే మార్చుట కాదు. మౌంటింగులు, క్లచ్చి, హౌసింగు పలక, రేడియేటరు, సైలెన్సరు గొట్టం, బ్యాటరీ, సెల్ఫు అన్నియు మారును. డీజిలు ఇంజను బరువెక్కువైనచో ముందు కమానులు కూడ మార్చవలెను. పాత మూడు గేర్ల పెట్టె పెట్రోలు ఇంజనుకు తగినది. డీజిలు ఇంజను కొట్టే కుదుపులకు దాని షాఫ్టు, పండ్లు త్వరగా అలసిపోవును. మేము చూచిన సంఘంలో విరిగినది అదే.

వేగం సంగతి కూడ లెక్కించవలెను. సి.జె.-3బి జీపులో వెనుక ఇరుసు నిష్పత్తి 5.38. అనగా టాప్ గేరులో ఇంజను 5.38 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగును. 6.00-16 టైరు ఒక చుట్టుకు సుమారు 2.25 మీటర్లు నడచును. ఇంజను 4,000 చుట్లు తిరిగినప్పుడు బండి గంటకు సుమారు 100 కిలోమీటర్లు పోవును. 2,000 చుట్లకు మించని ట్రాక్టరు ఇంజను పెట్టినచో అదే బండి 50 కిలోమీటర్లు దాటదు. వాగులో ఇది చాలును. కేంద్రానికి దూరపు రోడ్డు ఉన్నచో సమయం హరించును. ఇరుసు పండ్లు మార్చినచో వేగం వచ్చును గాని ఖర్చు ఇంకను పెరుగును.

బలమైన ఇంజను పెట్టి పాత చిన్న బ్రేకు డ్రమ్ములతోనే నడిపించుట ప్రమాదకరం. నిండు క్యాను ఒకటి సుమారు 50 కిలోలు. పన్నెండు క్యాన్లు 600 కిలోలు. గుట్ట దిగునప్పుడు ఆ బరువును ఆపవలసినది బ్రేకులే.

లెక్క వేసి చూతము

ఈ క్రింది అంకెలు ఉదాహరణ మాత్రమే. మీ సంఘం అంకెలు మీరు వేసుకొనవలెను.

రోజుకు 40 కిలోమీటర్లు. పెట్రోలు బండి లీటరుకు 8 కిలోమీటర్లు, డీజిలు బండి 10 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు రూ.108, డీజిలు రూ.96 అనుకొందము.

పెట్రోలు ఖర్చు: 5 లీటర్లు, రూ.540.
డీజిలు ఖర్చు: 4 లీటర్లు, రూ.384.
రోజుకు ఆదా: రూ.156.

బాగుచేయించుటకు రూ.90,000, మార్చుటకు రూ.2,50,000 అయినచో తేడా రూ.1,60,000. ఇది తిరిగి రావడానికి 1,026 రోజులు, అనగా సుమారు 2 సంవత్సరాల 10 నెలలు పట్టును. అదే బండి రోజుకు 15 కిలోమీటర్లే తిరిగినచో ఆదా రూ.58.50 మాత్రమే. అప్పుడు ఏడున్నర సంవత్సరాలు కావలెను.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. పన్నెండు క్యాన్లు అనగా 480 లీటర్లు. లీటరు రూ.35 చొప్పున రూ.16,800. ఒక్క పూట పాలు విరిగిపోయినచో 108 రోజుల డీజిలు ఆదా పోయినట్లే. అందుచేత ఏ ఇంజను ఎక్కువ రోజులు ఆగకుండా నడుచునో, దేని సామాను దగ్గరి పట్టణంలో దొరుకునో, దేనిని మన మెకానిక్కు ఎరుగునో మొదట చూడవలెను. ఇంధనం ఆ తరువాతి మాట.

వెనుకటి రోజులలో డీజిలు చాలా చవక. 2010 జూన్‌లో పెట్రోలు ధరపైన, 2014 అక్టోబరులో డీజిలు ధరపైన ప్రభుత్వ నియంత్రణ తొలగినది. ఆ పిమ్మట రెంటి మధ్య తేడా బాగా తగ్గినది. పాత లెక్క నేటికి పనికిరాదు.

కాగితాలు, పుస్తకాలు

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. కావున ముందు రవాణా కార్యాలయంలో విచారించి, వ్రాతపూర్వక అనుమతి వచ్చిన పిమ్మటనే షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వవలెను. ఇంజను మారిన 14 రోజులలోగా తెలియజేసి కొత్త నంబరు, ఇంధనం వివరాలు పత్రంలో ఎక్కించుకోవలెను. భీమా సంస్థకు కూడ తెలుపవలెను. లేనిచో ప్రమాదం జరిగిననాడు పరిహారం చిక్కులో పడును. కొనే ఇంజనుకు బిల్లు, నంబరు లేనిచో ఎంత చవకైనను ముట్టరాదు.

సంఘంలో తీర్మానం, మూడు కొటేషన్లు, పరీక్ష కాగితం ఒకే ఫైలులో ఉండవలెను. దించిన పాత ఇంజను సంఘం ఆస్తి. దానిని స్టాకు రిజిస్టరులో వ్రాసి, బహిరంగంగా వేలం వేసి, సొమ్ము జమకట్టి రసీదు ఇవ్వవలెను.

మా సలహా

బ్లాకు మంచిదై, రోజు తిరుగుడు తక్కువై, దారి కష్టమైనదైతే బాగుచేయించండి. బ్లాకు పగిలి, సామాను దొరకక, రోజు తిరుగుడు ఎక్కువై ఉన్నచో మార్చండి. అయితే గేరుబాక్సు, బ్రేకులు, రేడియేటరు, కాగితాలతో కలిపి ఒకే అంచనాగా మార్చండి. ఆ అంచనా మంచి స్థితిలో ఉన్న మరొక బండి ధరకు దగ్గరపడినచో రెంటినీ మాని బండినే మార్చే విషయం ఆలోచించండి. ఏది చేసినను, బండి షెడ్డులో ఉన్నన్ని రోజులు క్యాన్లు ఎవరి బండిలో పోవునో ముందే నిర్ణయించి సభ్యులకు చెప్పండి.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన బండి గత సంవత్సరంలో ఎన్ని పూటలు ఆగినది? ప్రతిసారి కారణం వ్రాసి ఉన్నదా?
2. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు మన వద్ద ఉన్నవా?
3. బండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగును? లీటరు పాలకు రవాణా ఖర్చు ఎన్ని పైసలు?
4. బండి దారిలో ఆగినచో గంటలోగా పాలు చేర్చుటకు ఏర్పాటు ఏమి?