రాతి నేలలో మట్టి పుట్టిన కథ

విజయనగరం జిల్లాలో గర్భాం, గరివిడి ప్రాంతాల్లో మాంగనీసు గనులున్నాయి. ఖనిజం తీసుకున్నాక గోతులు, రాళ్లగుట్టలు మిగులుతాయి. అక్కడ మొక్క నాటితే వెంటనే నాటుకోదు. ఎందుకని? మట్టి లేదు కనుక!

మరి మట్టిని తయారుచేయవచ్చా? కెన్యాలో మొంబాసా దగ్గర సిమెంటు కోసం సున్నపురాయి తవ్వగా మిగిలిన బోడినేలలో 1971లో రెనే హాలర్ 26 రకాల మొక్కలు నాటి చూశాడు. నిలిచినవి మూడే. అందులో ఒకటి మన శ్రీకాకుళం తీరంలో తోటలుగా పెంచే సరుగుడు! దాని వేళ్ల బుడిపెల్లో వుండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు పనికివచ్చే రూపంలోకి మారుస్తుంది.

అయితే రాలిన సూదుల్లాంటి రెమ్మలు కుళ్లలేదు. వాటిలో టానిన్ ఎక్కువ. అప్పుడు హాలర్ రోకలిబండల్ని తెచ్చి వదిలాడు. అవి రెమ్మల్ని తిని విసర్జించాయి. ఆ విసర్జనను సూక్ష్మజీవులు కుళ్లబెట్టాయి. అలా మట్టి పుట్టింది. తరువాత ఇతర చెట్లు, పక్షులు, జంతువులు చేరాయి. అదే నేటి హాలర్ పార్కు.

ప్రకృతిలో అంగుళం మట్టికి వందల ఏళ్లు పడుతుంది. అందుకే తవ్వేముందే పైమట్టిని విడిగా తీసి దాచాలని, తిరిగి నేలను బాగుచేయడానికి వాడాలని మన దేశపు 2017 ఖనిజ నియమాలు చెబుతున్నాయి. మీ వూరి దగ్గర గని వుంటే పెద్దల్ని అడగండి: తీసిన పైమట్టి ఎక్కడ వుంది?