వారమంతా పరుగు, ఆదివారం మత్తు: గీత చెప్పే "తగినంత"

మొన్నటి వీడియోలో సత్త్వ, రజస్, తమో గుణాల గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో చెప్పకుండా వదిలేసిన నా సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉండేది మేడ్చల్‌లో. ఆఫీసు సిటీకి ఆ చివర. ఆ వారం రిలీజ్ ఉంది, రోజూ రాత్రి రెండింటి దాకా ల్యాప్‌టాప్ ముందే. "ఇంత కష్టపడ్డాం, ఎంజాయ్ చెయ్యొద్దా" అని శనివారం ఫ్రెండ్స్‌తో శామీర్‌పేట రోడ్డు మీద దాబాకి వెళ్ళాను. పొట్ట పట్టనంత తిని, ఇంటికొచ్చి తెల్లవారేదాకా వెబ్ సిరీస్ చూశాను.

ఆదివారం పొద్దున అమ్మని రత్నాలయానికి తీసుకెళ్ళాను. వేంకటేశ్వరస్వామి ఎదురుగా నిలబడ్డాను. హారతి వచ్చింది, కళ్ళకద్దుకున్నాను, అంతే. లోపల ఏమీ కదల్లేదు. అమ్మ మెల్లగా అంది: "ఏంది బిడ్డా, నిలబడే నిద్రపోతున్నవా?"

భయమేసింది. నాలో భక్తి పోయిందా?

ఇంటికొచ్చి గీత తీశాను. ఆరో అధ్యాయం, 16, 17 శ్లోకాలు. ధ్యానం గురించి చెబుతూ కృష్ణుడు తిండి, నిద్రల దగ్గర ఆగుతాడు. అతిగా తినేవాడికి, అసలు తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, అతిగా మేలుకునేవాడికి యోగం కుదరదంటాడు. ఆ తర్వాత ఆహారం, విహారం, పని, నిద్ర, మెలకువ అన్నిటికీ ఒకటే కొలత ఇస్తాడు: యుక్తం. అంటే తగినంత. గమనించండి, పని మానెయ్యమనలేదు, సరదా వద్దనలేదు.

పద్నాలుగో అధ్యాయం కూడా కలిపి చదివితే నా తప్పు తెలిసింది. లోభం, ఒకదాని మీద ఒకటి పనులు మొదలుపెట్టడం, అశాంతి ఇవి రజస్సు గుర్తులు. ఏమరుపాటు, బద్ధకం, నిద్ర తమస్సువి. వారమంతా రజస్సుతో అలిసిపోయి, దానికి మందని తమస్సుని మింగాను. ఒళ్ళు అడిగింది విశ్రాంతి. నేనిచ్చింది ఇంకో అలసట.

ఇది గుడికి సంబంధించిన మాటే కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్ళకి, 35–40 గంటలు చేసేవాళ్ళకన్నా పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి అంచనా వేశాయి.

రిలీజ్ తేదీ నా చేతిలో లేదు. శనివారం రాత్రి మాత్రం నా చేతిలోనే ఉంది. అందుకే మూడు నియమాలు పెట్టుకున్నాను: రాత్రి భోజనం తొమ్మిదిలోపు, పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో, పొద్దున పది నిమిషాల జపం. మీరు ఈ వారం ఒక్కటి మొదలుపెట్టి చూడండి. నిద్ర సరిపోయినా వారాల తరబడి ఈ మందకొడితనం వదలకపోతే డాక్టర్‌ని కలవండి. అది భక్తి లోపమని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు.

మూడు వారాల తర్వాత మళ్ళీ రత్నాలయానికి వెళ్ళాం. గొప్ప అనుభూతేం కలగలేదు. కానీ హారతి వెలుగులో స్వామి ముఖం కళ్ళారా చూశాను. ఆ రోజుకి అది చాలనిపించింది.

జై శ్రీకృష్ణ.