నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తే

విజయనగరం,
కార్తీకం వెళ్లిన నాలుగోరోజు.

చిరంజీవి అమ్మడికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఫోన్లో చెప్పొచ్చుగా, ఉత్తరమేమిటత్తా అంటావని తెలుసు. చెబుదామనే మూడుసార్లు చేశాను. మూడుసార్లూ "బడి గ్రూపులో మెసేజ్ వచ్చిందత్తా, మళ్లీ చేస్తా" అని పెట్టేశావు. మళ్లీ చేసింది లేదు. ఉత్తరం మధ్యలో ఎవరూ గ్రూపులోంచి పిలవరు కదా, అందుకని రాస్తున్నాను.

మొన్న వనభోజనాల్లో అందరూ ఆకులు వేసుకుని పులిహోర వడ్డించుకుంటుంటే నువ్వు ఉసిరిచెట్టు మొదట్లో కూర్చుని రెండో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతున్నావు. ఎర్రపెన్ను మూత పళ్ల మధ్య. మీ చిన్నాన్న కొడుకులు గోల చేస్తుంటే తలెత్తకుండానే "సైలెన్స్! చేతులు కట్టుకోండి" అన్నావు. వాళ్లలో పెద్దాడికి పెళ్లయి ఇద్దరు పిల్లలు. వాడు నిజంగానే చేతులు కట్టేసుకున్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం. నువ్వు మాత్రం నవ్వలేదు, ఆ పేజీ దిద్దడం పూర్తిచేశావు. అప్పుడు నాకు కాస్త భయం వేసింది.

ఇంకో సంగతి మీ అమ్మ చెప్పింది. పొద్దున్న నింపిచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోందట. ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు గానీ నాకు అర్థమైంది. మీ బడి బాత్రూముకి గడియ లేదు, లేదా నీళ్లు లేవు. అందుకని నువ్వు తాగడమే మానేశావు. మన టీచరమ్మల్లో ఎంతమంది ఇలా గడుపుతారో లెక్క రాస్తే ఒక రిజిస్టరు చాలదు. నేనూ ఏళ్ల తరబడి ఇదే పని చేశాను. యూరిన్ ఇన్ఫెక్షన్ అని రెండుసార్లు ఆస్పత్రిలో పడుకున్నాను. సెలైన్ ఎక్కుతుండగా కూడా "యూనిట్ టెస్టు పేపర్లు ఎవరు దిద్దుతారు" అని ఏడ్చానంటే నా తెలివి చూడు. రేపే పక్కనున్న అంగన్‌వాడీ ఆయమ్మతోనో, దగ్గరి ఇంటివాళ్లతోనో మాట్లాడుకో. గడియకి మీ పెద్దసారు నిధులొచ్చేదాకా ఆగమంటే ఆగకు. నీ డబ్బుతో కొని బిగించేయి. బిల్లు పెట్టుకోవడం తర్వాత చూడొచ్చు.

గొంతు గురించి కూడా చెప్పాలి. యాభైమంది పిల్లలు, పక్క గదికీ మనకీ మధ్య తడిక, రోడ్డుమీద లారీలు. వీటన్నిటినీ మించి అరిచి లెక్కలు చెప్పాను. నలభైరెండో ఏట గొంతు పూర్తిగా పోయింది. స్వరతంతువుల మీద చిన్న కాయల్లాంటివి లేచాయన్నాడు డాక్టరు. మూడువారాలు ఒక్కమాట మాట్లాడొద్దన్నాడు. ఇంట్లో పలకమీద రాసి మీ మావయ్యకి చూపించేదాన్ని. ఆయనకి ఆ మూడువారాలూ పండగే! నాలుగోవారం మళ్లీ వెళ్లి అలాగే అరిచాను. ఇప్పుడు నా గొంతు జీరగా ఉంటుందే, అది పుట్టుకతో వచ్చింది కాదు. నువ్వు అరవకు. బల్లమీద రెండుసార్లు కొట్టు, పిల్లలు వాళ్లే సద్దుమణుగుతారు. గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకో.

ఇవి ఒంటి సంగతులు. వీటికి మందులుంటాయి. నా అసలు బెంగ వేరే.

రిటైరైన తర్వాత మొదటి సోమవారం ఏం జరిగిందో నీకెవరూ చెప్పి ఉండరు. పొద్దున్నే నూలుచీర కట్టుకుని, కుచ్చిళ్లకి పిన్ను పెట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని ఎనిమిదింబావుకల్లా గేటు దగ్గర నిలబడ్డాను. మీ మావయ్య పేపరు పక్కనపెట్టి "ఎక్కడికి?" అన్నాడు. జవాబు లేదు. గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముప్ఫైమూడేళ్ల సర్వీసులో పదో తరగతి దాకా లెక్కలు చెప్పడం తప్ప నాకంటూ ఇష్టమైన పని ఒక్కటి చెప్పమంటే తట్టలేదు. నాకు ఏ కూర ఇష్టమో కూడా ఆలోచించుకోవాల్సొచ్చింది. కూరగాయలవాడి దగ్గర వాడి కూడిక తప్పు దిద్దడం, మనవడికి అన్నం పెడుతూ "అర్థమైందా, మళ్లీ చెప్పనా" అనడం, ఇదీ నా బతుకు. టీచరు ఉద్యోగం పోయాక అద్దంలో చూసుకుంటే ఎవరో తెలియని మనిషి.

తర్వాత వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. అరవై దాటాక అదేం పిచ్చి అన్నారు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పిన ఊళ్లో పుట్టి, ఆ కళాశాల ముందునుంచి ముప్ఫైమూడేళ్లు రోజూ బస్సులో వెళ్లి, ఒక్కసారి లోపలికి తొంగిచూడలేదు. ఆ సిగ్గు కూడా ఉంది. నాకు పాఠం చెప్పే అమ్మాయి ఒకప్పుడు నా దగ్గరే తొమ్మిదో తరగతి చదివింది. త్రికోణమితిలో బొత్తిగా సున్నా. ఒకరోజు క్లాసులో నిలబెట్టి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. ఆమెకీ గుర్తుండే ఉంటాయి. నేలమీద కూర్చుని వయొలిన్ తల కుడిపాదం మీద ఆనించుకోవాలి. ఇన్నేళ్లు నిలబడి అరిగిన మోకాళ్లకి అది మొదటి శిక్ష. సరళీ వరుసల్లో నాలుగునెలలు కొట్టుకున్నాను. కమాను నేరుగా రాదు. పిల్లి ఏడ్చినట్టు శబ్దం. "మేడం, మళ్లీ" అంటుంది ఆ అమ్మాయి. నేను "అలాగే మేడం" అంటాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదమ్మడూ. ఆ గదిలో నేను వెనకబెంచీ పిల్లని. తప్పు వాయించి, తిట్లు తినకుండా బయటపడటం ఎంత హాయో ఆ వయసులో తెలిసింది. నా దగ్గర లెక్క రాని పిల్లల ముఖాలు వరసగా గుర్తొచ్చాయి. ఈ సంగతి ఇరవైమూడో ఏట తెలిసుంటే నేను ఇంకోలాంటి టీచర్నయ్యేదాన్ని.

నీకు అరవై దాకా ఆగే పనిలేదు.

నువ్వు ఉన్నది సీతంపేట ఏజెన్సీ. నీ బడిలో సగంమంది సవరపిల్లలు. మన శ్రీకాకుళం మనిషే గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. కొండలమీంచి దిగివచ్చే సవరల భాష ఏమిటో తెలుసుకోవాలనిపించింది ఆయనకి. ఎవరూ ఆర్డరు వేయలేదు, ఏ యాప్‌లోనూ ఫొటో పెట్టమనలేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, బడి అయ్యాక ఆ మనిషి దగ్గర తనే శిష్యుడై కూర్చున్నారు. అలా మొదలైంది 1931లో సవర వ్యాకరణంగా, 1938లో నిఘంటువుగా అచ్చయింది. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోట్లాట అందరికీ తెలుసు, ఆగస్టు 29న దండలు కూడా వేస్తాం. నాకు మాత్రం ఆ సాయంత్రాలే ఇష్టం. అయితే ఆయన్ని గుడ్డిగా అనుకరించమనడం లేదు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి కూడా ఆయనే. నువ్వు దోమతెర కట్టుకుని పడుకో.

నీ తరగతిలోని పిల్ల దగ్గరే సవరలో పది మాటలు నేర్చుకోవచ్చు. అది టీచింగ్ లెర్నింగ్ మెటీరియల్‌గా మార్చి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో చూపించావంటే మాత్రం ఊరుకోను. నీకోసమే ఉండాలి. సవర కాకపోతే ఈత, లేదంటే కుట్టుపని, పోనీ ఊరికే పాత సినిమాలు చూడటం. దేనికీ పనికిరాకపోయినా ఫర్వాలేదు.

కథారచయిత కారా మాస్టారి సంగతి కూడా చెప్పనీ. ఆయనా నాలాగే లెక్కల మాస్టారు, విశాఖలో. బడి అయ్యాక కథలు రాసుకున్నారు. 1995లో సాహిత్య అకాడెమీ అవార్డొచ్చింది. 1997లో, తనకొచ్చిన అవార్డుల డబ్బు కూడా పెట్టి, శ్రీకాకుళంలో కథల గ్రంథాలయం, కథానిలయం కట్టారు. ఒకసారి వెళ్లి చూశాను. ఊళ్లో అందరూ ఆయన్ని చివరిదాకా మాస్టారనే పిలిచారు. కానీ ఆ మేడలో ఒక్క లెక్కల పుస్తకం నా కంటబడలేదు. నువ్వూ చూసిరా. సీతంపేట నుంచి బస్సులో వచ్చే దూరమే.

జనం ఊరుకోరులే. పాలకొండ బజార్లో పానీపూరీ తింటే "టీచరై ఉండి రోడ్డుమీద తింటోంది" అంటారు. పంజాబీ డ్రస్సు వేస్తే ఒకమాట, నవ్వితే ఇంకోమాట. సెప్టెంబరు 5న గురుదేవో భవ అని శాలువా కప్పినవాళ్లే మర్నాడు ఓటర్ల జాబితా చేతిలో పెట్టి వీధివీధీ తిప్పుతారు. వాళ్ల గౌరవానికీ నీ ఆకలికీ సంబంధం లేదు. రెండు ప్లేట్లు తిను, కారం ఎక్కువ వేయమను.

ఇక మీ బడి గ్రూపు సంగతి. సాయంత్రం ఏడు దాటితే శబ్దం రాకుండా పెట్టేయి. మధ్యాహ్న భోజనంలో గుడ్ల లెక్క, హాజరు లెక్క ఏదైనా తెల్లారి పంపినా కొంపలు మునగవు. నిజంగా కొంప మునిగితే ఎవరో ఒకరు ఫోనే చేస్తారు. ఏడాదికి 15 క్యాజువల్ లీవులు, అదే సీఎల్స్, ఉన్నాయి, ఆడవాళ్లకి ఇంకో 5 ఉన్నాయి. నేను రిటైరయ్యేనాటికి ఏళ్లతరబడి వాడుకోని సీఎల్స్ మురిగిపోయాయి. ఎవరూ పతకం ఇవ్వలేదు. జ్వరమొస్తేనే సెలవన్న నియమం ఎక్కడా లేదు. ఒంట్లో బాగున్న రోజు కూడా ఒకటి పెట్టుకుని మధ్యాహ్నం దాకా నిద్రపో.

పిల్లల్ని తక్కువ ప్రేమించమని నేననడం లేదు, నీకు తెలుసు. సెలవు పెట్టిన రోజు కొండమీది బడిలో పిల్లలు నీకోసం దారి చూస్తారు, అది నాకూ తెలుసు. ఏకోపాధ్యాయ పాఠశాలైతే తలుపే తెరుచుకోదు. ఆ బాధ తీరే ఉపాయం నా దగ్గర లేదు. మర్నాడు వెళ్లి వాళ్లతో ఓ గంట ఎక్కువ ఆడుకో, అంతే.

సంక్రాంతికి వస్తున్నావుగా. ఈసారి షరతు ఒకటుంది. భోగినాడు మధ్యాహ్నం భోజనాల దాకా ఇంట్లో ఎవరూ బడి మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్లు కందిపచ్చడి రుబ్బాలి, మిక్సీలో కాదు, రోట్లో. నాకూ వర్తిస్తుంది. నోటుపుస్తకాలు అక్కడే వదిలేసి రా. ఖాళీ నీళ్ల సీసా తీసుకురా. ఏడవుతోంది, నా మేడం వచ్చే వేళయింది. నిన్న చెప్పిన వరుస ఇంకా రాలేదు.

ఆశీస్సులతో,
మీ అత్త