ఐరోపాలో ఇంగ్లిష్ పంతులు కొలువు: లాభమెంత? నష్టమెంత?



సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. కానీ ఏడాదిగా నా తల తింటున్న విషయం వేరే ఉంది. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివే ప్రతివాడికీ ఎవరో ఒకరు చెప్పే మాటే అది. "ఐరోపా పోయి ఇంగ్లిష్ చెప్పరాదురా, నెలకు లక్ష వస్తది!" ఇందులో నిజమెంతో తెలుసుకోవడానికి నేను తిరిగిన తిరుగుడే ఈ వ్యాసం.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారని మీకు తెలుసు. ఒక ఆదివారం 60 రూపాయలకు ఇంగ్లిష్ బోధన పుస్తకం ఒకటి కొని తలెత్తితే, ఎదురుగా మేడ మీద ఒక కన్సల్టెన్సీ బోర్డు కనిపించింది. పేరు రాయను. సోమవారం మళ్లీ వెళ్లాను. 120 గంటల ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేస్తే స్పెయిన్‌లో ఉద్యోగం ఖాయమన్నారు. మొత్తం 35 వేలు, ముందు 5 వేలు కట్టాలి. అమ్మ చిట్టీ పైసల్లోంచి కట్టాను. వారం తర్వాత వీసా గురించి అడిగితే, "టూరిస్ట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు" అన్నారు. అప్పుడు అనుమానం వచ్చింది. అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

ఇది ముందే చదివి ఉంటే 5 వేలు మిగిలేవి: షెంగెన్ పర్యాటక వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదు, జీతానికి పని చేయరాదు. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన రుసుము 30 వేలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి రావాలి.

సంగతి అమ్మకు ఫోన్లో చెప్పాను. తిట్టలేదు. "ఆ దేశమోళ్లకు ఇంగిలీషు రాదా బిడ్డా?" అని అడిగింది. నిజానికి మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

రాదు, కానీ కావాలి. 2020లో బ్రిటన్ బయటికి వెళ్లాక ఐరోపా యూనియన్‌లో ఇంగ్లిష్ అధికార భాషగా ఉన్న దేశాలు ఐర్లండ్, మాల్టా రెండే. మిగతా చోట్ల పిల్లలు మనలాగే బడిలో నేర్చుకోవాలి. కాబట్టి పంతుళ్ల అవసరం ఉంది. అయితే యూనియన్ పౌరులకు ఏ సభ్య దేశంలోనైనా పనిచేసే హక్కు ఉంది. మనకు వర్క్ పర్మిట్ కావాలి. ఒక చిన్న కోచింగ్ సెంటరు యజమాని ఐర్లండ్ వాడిని వదిలి మన కాగితాల కోసం ఎందుకు తిరుగుతాడు? పైగా చాలా ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్లు" కావాలని ఉంటుంది. కేంబ్రిడ్జి వారి సెల్టా కోర్సుకు విలువ ఉంది కానీ ఫీజు లక్ష దాటుతుంది, అది చేసినంత మాత్రాన వీసా రాదు.

మరి దారే లేదా అంటే, ఒకటుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లిష్ అసిస్టెంట్లుగా పనిచేయడానికి విదేశీ యువతను తీసుకుంటుంది. అందులో భారతీయులకూ అవకాశం ఉంది. మన దేశంలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ద్వారా దరఖాస్తు చేయాలి. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఏడు నెలలు, వారానికి 12 గంటలు. పిల్లల చేత మాట్లాడించడమే ముఖ్యమైన పని. చేతికి దాదాపు 800 యూరోలు వస్తాయి. ఏజెంటు అక్కర్లేదు. చిక్కల్లా ఒక్కటే, ఫ్రెంచి బి1 స్థాయిలో రావాలి. సున్నా నుంచి మొదలుపెట్టిన వాడికి ఏడాదిన్నరో రెండేళ్లో పడుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది నా అంచనా మాత్రమే. చిన్న పట్టణంలో గది కిరాయి 350 యూరోలు, తిండికి 200, ఫోను, బస్సు, చలిబట్టలకు 100. నెలకు మిగిలేది 150. ఏడు నెలలకు 1,050 యూరోలు. యూరోకు 100 రూపాయలు వేసుకుంటే లక్షా ఐదు వేలు. విమానం టికెట్లకు, వీసాకు 80 వేలు పోతే మిగిలేది 25 వేలు. ఫ్రెంచి నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువే ఖర్చవుతుంది! మొదటి జీతం చేతికొచ్చేదాకా బతకడానికి ఇక్కడి నుంచే సొమ్ము పట్టుకుపోవాలి. "నెలకు లక్ష" అన్నవాళ్లు ఈ లెక్క వేసి ఉండరు. ఇంటి అప్పు తీరుద్దామని వెళ్లేవాడికి ఈ దారి పనికిరాదు.

అయినా నా మనసు అటే లాగుతోంది. ఎందుకో చెబుతాను.

మా అమ్మ మన హాస్టల్‌ను "ఆస్టల్" అంటుంది. ఇంటర్లో నేనూ అలాగే అని నవ్వులపాలయ్యాను. ఫ్రెంచి వాళ్లూ 'హ' పలకరు! వాళ్లకు హోటల్ "ఓటెల్". మనూళ్లో స్కూలును "ఇస్కూల్" అంటారు కదా, స్పెయిన్ వాళ్లూ 'స'తో మొదలయ్యే జంట హల్లు ముందు 'ఎ' చేర్చి పలుకుతారు. పోలండ్ భాషలో మన తెలుగులాగే ఎ, యాన్, ది లాంటివి లేవు. 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక మార్కులు పోగొట్టుకున్న మనకు వాళ్ల అవస్థ చెప్పకుండానే అర్థమవుతుంది. పుట్టుకతో ఇంగ్లిష్ వచ్చినవాడు "ఇక్కడ ది రావాలి" అంటాడు. ఎందుకు రావాలో, ఎక్కడ తడబడతామో తెలుగు మీడియంలో చదివి పైకొచ్చినవాడు చెప్పగలడు.

ఇది నా ఒక్కడి గొప్ప కాదు. ఇంగ్లిష్ ఎవరి సొత్తు అన్న చర్చలో ప్రపంచమంతా వాడే మూడు వలయాల సిద్ధాంతం మన కశ్మీరీ పండితుడు బ్రజ్ కచ్రూది. పనులు చేయిస్తూ భాష నేర్పే పద్ధతికి గట్టి పునాది ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారతంలోని మామూలు బడుల్లో చేసిన ప్రయోగం. తార్నాకలోని ఇఫ్లూ 1958లో మొదలైంది. ఇంగ్లిష్ ఎలా చెప్పాలో పంతుళ్లకు అక్కడ అప్పటి నుంచి నేర్పుతున్నారు. అసలు అబిడ్స్ పేరే ఆరో నిజాం దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే పరదేశి దుకాణం నుంచి వచ్చింది. ఆయన ఇక్కడికి రాగా లేంది, మనం అక్కడికి పోతే వింతేముంది?

నష్టాల్లో పెద్దది కాలం. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు జరిగింది. మన సీనియర్లలో కొందరు కొలువులు తెచ్చుకుని ఇళ్లు నిలబెట్టారు. నేను ఫ్రెంచి క్రియలు బట్టీ పడుతుండగా ఇంకో నోటిఫికేషన్ వస్తే? బీఎడ్ లేకుండా దానికి దరఖాస్తే చేయలేను. ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. చెల్లి గురుకులంలో ఇంటర్ చదువుతోంది. రెండు నెలల్లో ఈ గది ఖాళీ చేయాలి. ఏడు నెలల కొలువు ముగిసి ఇంటికొచ్చాక దాన్ని ఇక్కడ సర్వీసుగా ఎవరూ లెక్కపెట్టరు.

పై చదువుకు వెళ్లాలనుకునేవాళ్ల సంగతి వేరు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా సాయం ఉంది. కేంద్రం వారి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కూడా ఉంది. అవి చదువుకే, ఉద్యోగానికి కాదు.

నా మట్టుకు ఎడ్‌సెట్ రాస్తున్నాను. బీఎడ్ ఎలాగూ రెండేళ్లు, ఆ రెండేళ్లూ సాయంత్రాలు ఫ్రెంచి చదువుతాను. నోటిఫికేషన్ ముందొస్తే డీఎస్సీ, బి1 ముందొస్తే ఫ్రాన్స్. అమ్మకు ఇదే చెప్పాను. "రెండిట్ల ఒక్కటన్న జెయ్యి" అంది.

ఆ 5 వేల రసీదు జిరాక్స్, కంపెనీ పేరు కొట్టేసి, మెస్ పక్కన నోటీసు బోర్డు మీద అంటించాను. ఫ్రెంచి మొదటి పుస్తకం నా దగ్గరుంది. చదవాలనుకునే తమ్ముళ్లు రాత్రి భోజనాలయ్యాక స్టడీ హాలుకు రండి.