మీ నాన్న మందుల డబ్బా గురించి

వినుకొండ

చిరంజీవి అమ్మాయికి,

నిన్న ఫోన్లో నువ్వు రెండు అడిగావు. నాన్న రోజూ వేసుకునే ఆస్ప్రిన్ కడుపులో పుండ్లు చేస్తుందట, ఆపేద్దామా అన్నది ఒకటి. దానితో పాటు ఇస్తున్న గ్యాస్ బిళ్ళ కిడ్నీలను పాడు చేస్తుందట, అదీ మానిపిద్దామా అన్నది రెండోది. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం ఆఫీసు పనిలో పడి మర్చిపోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, దాచుకో. రెండింటికీ నా జవాబు ఒకటే. గుండె డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. మానిపించాల్సింది వేరే ఉంది. అది డాక్టరు చీటీలో లేదు, మీ నాన్న దిండు కింద ఉంది.

ముందు ఆ గుండె బిళ్ళలు ఎందుకో తెలుసుకో. మీ నాన్నకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేసి ఇంకా ఏడాది నిండలేదు. రక్తనాళంలో పెట్టిన ఆ లోహపు జాలీ మీద గడ్డ కట్టాలని రక్తం చూస్తూనే ఉంటుంది. ఆ పని మొదలుపెట్టేవి ప్లేట్‌లెట్లు. ఆస్ప్రిన్ ఒక దారిలో, దానితో పాటు రాసిన క్లోపిడోగ్రెల్ ఇంకో దారిలో వాటిని ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. తొలి నెలల్లో వీటిని సొంతంగా మానేస్తే స్టెంట్ లోపలే గడ్డ పడి మళ్ళీ గుండెపోటు రావచ్చు. అలా వచ్చినవాళ్ళను నేను ఆసుపత్రిలో పని చేసిన రోజుల్లో చూశాను. మూటాముల్లె సర్దుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళు, బిళ్ళలు పడటం లేదని ఎవరో చెబితే ఆపేసి, స్ట్రెచర్ మీద తిరిగొచ్చారు.

అయితే కడుపు గురించి నువ్వు విన్నదీ అబద్ధం కాదు. మన కడుపులో ఊరే ఆమ్లం మాంసాన్ని కూడా అరిగించేంత ఘాటైనది. అది కడుపు గోడనే తినేయకుండా లోపల జిగురు పొర ఒకటి కాపలా ఉంటుంది. ఆ పొర ఊరడానికి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు కావాలి. ఆస్ప్రిన్ వాటి తయారీని ఆపుతుందని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు, అందుకు 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఏ పని వల్ల ఆ బిళ్ళ గుండెను కాపాడుతుందో, అదే పని వల్ల కడుపు పొరను పలచన చేస్తుంది. పైన పొర ఉన్న ఆస్ప్రిన్ కడుపులో కరగదు కాబట్టి ఏమీ కాదని మందుల షాపులో చెబుతారు, నమ్మకు. ఆ బిళ్ళ పేగులో కరిగినా మందు రక్తంలో కలిసి తిరిగి కడుపు గోడకే చేరుతుంది. దానికి తోడు క్లోపిడోగ్రెల్ కూడా ఉందంటే, చిన్న పుండు పడినా కారే రక్తం తొందరగా ఆగదు.

ఇక్కడే చాలామంది తొందరపడి, పుండు పడుతుందేమోనని గుండె బిళ్ళను వదిలేస్తారు. అసలు పుండు పడి రక్తం పోయిన వాళ్ళకే ఏం చేయాలో హాంకాంగ్ వైద్యులు పరీక్షించి 2010లో ఫలితం చెప్పారు. ఎండోస్కోపీతో రక్తం ఆపాక కొందరికి ఆస్ప్రిన్ వెంటనే కొనసాగించారు, కొందరికి ఆపారు. అందరికీ ఆమ్లం తగ్గించే మందు ఇచ్చారు. ఆస్ప్రిన్ తీసుకున్న వాళ్ళలో మళ్ళీ రక్తం పోవడం కాస్త ఎక్కువగానే కనబడింది. కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవాళ్ళు ఆస్ప్రిన్ కొనసాగించిన వైపు వందకు ఒకరు, ఆపిన వైపు వందకు పదమూడు మంది. రక్తం పోయినవాళ్ళ సంగతే ఇది. ఏమీ కాకముందే భయపడి ఆపడం ఇంకెంత తప్పో ఆలోచించు.

ఇక గ్యాస్ బిళ్ళ. మన ఊళ్ళో ఆ పేరుతో పిలుస్తాం కాబట్టి, గ్యాస్ లేకపోతే అక్కర్లేదనుకుని ముందు దాన్నే మానేస్తారు. మీ నాన్న చీటీలో పాంటోప్రజోల్ అని రాసి ఉన్నది త్రేన్పుల కోసం కాదు. కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గించి ఆ పలచబడ్డ పొరను కాపాడడం కోసం. కడుపు ఉబ్బరం ఉన్నా లేకపోయినా రెండు గుండె బిళ్ళలు నడిచినన్నాళ్ళు అదీ నడవాలి. పొద్దున పరగడుపున, టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. అన్నం తిన్నాక గుర్తొచ్చి వేసుకుంటే ఫలితం తగ్గొచ్చు.

కిడ్నీ సంగతి చెబుతాను. ఈ మందు వల్ల అరుదుగా కిడ్నీలో వాపు రావడం, ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12, మెగ్నీషియం తగ్గడం ఉన్నాయి. కానీ మీ నాన్నలాంటి గుండె, రక్తనాళాల జబ్బు వాళ్ళే పదిహేడు వేలకు పైగా ఉన్న పెద్ద పరీక్షలో, సగం మందికి పాంటోప్రజోల్, సగం మందికి ఉత్త బిళ్ళ ఇచ్చి మూడేళ్ళు గమనించారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల్లో కిడ్నీ జబ్బులో గానీ ఎముకలు విరగడంలో గానీ తేడా కనబడలేదు. పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం కాస్త పెరిగాయి. ఏ అవసరమూ లేకుండా ఏళ్ళ తరబడి మింగేవాళ్ళను నేనూ మానమంటాను. మీ నాన్నకు అవసరం ఉంది. ఒక్క జాగ్రత్త. షాపువాడు పాంటోప్రజోల్ లేదని ఒమెప్రజోల్ ఇస్తే తీసుకోవద్దు. అది క్లోపిడోగ్రెల్ శరీరంలో పని మొదలుపెట్టడానికి అడ్డు తగులుతుందని 2009లోనే అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది. అసలు గుండెకు ఎంత నష్టమో పెద్ద పరీక్షల్లో గట్టిగా తేలలేదు గానీ, దొరికే మంచి మందు ఉండగా ఆ అనుమానం మనకెందుకు?

ఇప్పుడు దిండు కింద ఉన్నదాని గురించి. మొన్న మీ ఇంటికి వెళ్ళినప్పుడు మంచం సర్దుతుంటే చేతికి తగిలింది, నొప్పుల బిళ్ళల అట్ట. అప్పటికే సగం ఖాళీ. అడిగితే మోకాళ్ళకు అన్నారు. ఊళ్ళో వైద్యం చేసే ఆర్ఎంపీ దగ్గరకు వెళ్తే ఇచ్చాడట, గుండె సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. అట్ట మీద అసిక్లోఫెనాక్, పారాసిటమాల్ అని రెండు పేర్లున్నాయి. రెండో పేరు చూసి జ్వరం బిళ్ళే కదా అనుకుంటారు. మొదటిది డైక్లోఫెనాక్ కుటుంబం. ఆస్ప్రిన్ చేసే నష్టాన్నే కడుపుకు మళ్ళీ చేస్తుంది, ఆపైన గుండెకూ, కిడ్నీకీ కూడా మంచిది కాదు. రెండు గుండె బిళ్ళల మీద ఇది మూడోది. పుండు పడి రక్తం పోయే ప్రమాదం ఒక్కసారిగా పెరిగేది ఇక్కడే. ఇబుప్రొఫెన్ అయితే ఇంకో నష్టం కూడా ఉంది, ఆస్ప్రిన్ కంటే ముందు వేసుకుంటే ప్లేట్‌లెట్ల మీద ఆస్ప్రిన్ పని జరగనివ్వదు.

మీ నాన్నను తిట్టకు తల్లీ. ఈ నేల మీద మోకాళ్ళ నొప్పి లేని రైతు ఎవరు? పత్తి తీతలు అయ్యాయో లేదో మిరప కోతలు, వంగి వంగి నడుం పట్టేస్తుంది. దానికి తోడు మన బొల్లాపల్లి వైపు, అటు పొదిలి, దర్శి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు. మన దేశంలో నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకల జబ్బు వస్తుందని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాల్లోనే. ఆ నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళకు కీళ్ళు బిగుసుకుపోవడం ఉన్నదే. కూలికి పోయే ఆడవాళ్ళు కూడా పొద్దున పొలానికి వెళ్ళేముందు ఒక నొప్పి బిళ్ళ, పడుకునేముందు ఒకటి వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. పనికి పోకపోతే పూట గడవని వాళ్ళను నొప్పి ఓర్చుకోమనడానికి నాకు నోరు రాదు. కానీ గుండె బిళ్ళలు వేసుకునేవాళ్ళకు మాత్రం ఈ బిళ్ళలు విషమే.

నొప్పికి ఏం చేయాలంటావు. ఒక్క పారాసిటమాల్ మాత్రమే ఉన్న బిళ్ళ, డాక్టరు చెప్పిన మోతాదులో. అట్ట వెనక రెండో పేరు ఉంటే తీసుకోవద్దు. వేడి కాపడం, మోకాలి కండరాలకు వ్యాయామం, అవసరమైతే నరసరావుపేటలో ఎముకల డాక్టరు దగ్గర చూపించడం. ఆయనకు కూడా ముందే స్టెంట్ సంగతి చెప్పాలి. మూలికల పొడి అని చెప్పి సంతల్లో, బస్టాండ్లలో అమ్మేవి ముట్టుకోనివ్వొద్దు. వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలుపుతారని పరీక్షల్లో బయటపడింది. రెండ్రోజుల్లో నొప్పి మాయమైతే అదే అనుమానించాల్సిన గుర్తు.

కారం మానేయాలా అని మీ అమ్మ అడుగుతోంది. మిరపకాయ పుండు పుట్టించదు. ఉన్న పుండు మీద మంట పెంచొచ్చు, అందుకే పడనివాళ్ళు తగ్గించుకుంటే చాలు. అసలు పుండు పుట్టించేవి ముఖ్యంగా రెండు, ఆస్ప్రిన్‌తో సహా నొప్పుల బిళ్ళలు, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి. ఒత్తిడి, కారం అని తరతరాలుగా అనుకున్నదాన్ని ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు 1980లలో తప్పని చూపించారు. మార్షల్ ఆ క్రిములను తానే తాగి కడుపు పాడుచేసుకుని మరీ నిరూపించాడు. 2005లో వాళ్ళకు నోబెల్ ఇచ్చారు. మన దేశంలో సగానికి పైగా పెద్దవాళ్ళ కడుపుల్లో ఈ క్రిమి ఉంటుంది. చాలామందికి ఏమీ చేయదు. ఆస్ప్రిన్ వాడేవాళ్ళలో మాత్రం దాన్ని తీసేస్తే మొదటి రెండున్నరేళ్ళలో రక్తం పోయే పుండ్లు బాగా తగ్గాయని 2022లో బ్రిటన్ పరీక్ష తేల్చింది, ఆ తర్వాత ఆ తేడా నిలవలేదు. మలం పరీక్షతోనో ఊపిరి పరీక్షతోనో తెలిసిపోతుంది. పరీక్షకు రెండు వారాల ముందు గ్యాస్ బిళ్ళ ఆపితేనే ఫలితం సరిగ్గా వస్తుంది, కాబట్టి అది కూడా గుండె డాక్టరును అడిగే చేయాలి. ఆపే రోజుల్లో ఏం ఇవ్వాలో ఆయనే చెబుతారు. చుట్ట మాత్రం పూర్తిగా మానిపించు. అది గుండెకూ చెడ్డదే, పుండు మాననివ్వదు కూడా.

ఇక గుర్తులు. వయసు పైబడినవాళ్ళలో పుండు చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుంది, ఉన్నట్టుండి రక్తంతోనే బయటపడుతుంది. తారులాగా నల్లగా, జిగటగా, కంపు కొట్టే విరేచనం, కాఫీ పొడి రంగు వాంతి, లేస్తే కళ్ళు తిరగడం, ఉన్నట్టుండి నీరసం, ఆయాసం. ఇనుము బిళ్ళలు వేసుకున్నా మలం నల్లగానే వస్తుంది గానీ జిగట, ఆ వాసన ఉండవు. మీ నాన్న ఇలాంటివి చెప్పుకోడానికి సిగ్గుపడతారు, మీ అమ్మ అడగడానికి సిగ్గుపడుతుంది. ఆ సిగ్గే ముప్పు. నేనే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను, రోజూ చూసుకోమని. నువ్వూ వారానికోసారి ఫోన్లో సూటిగా అడుగు. రక్తం తగ్గితే గుండెకు చేరే ప్రాణవాయువు తగ్గి ఛాతీ నొప్పి కూడా రావచ్చు. ఆ గుర్తులు కనబడితే ఆర్ఎంపీ కాదు, 108కి ఫోన్ చేయాలి. ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. స్టెంట్ వేసిన తేదీ, వాడుతున్న మందుల పేర్లు రాసిన కాగితం వెంట ఉండాలి. బిళ్ళలు ఆపాలా, ఏది ఆపాలి అన్నది అక్కడి డాక్టరు గుండె డాక్టరుతో మాట్లాడి తేల్చుకుంటారు.

ఇవి గుండె మందులు వేసుకునే అందరికీ వర్తిస్తాయనుకోకు. మన పక్క వీధి అమ్మాయికి గుండె కవాటం మార్చి లోహపుది పెట్టారు గదా, ఆమె వేసుకునే ఎసిట్రాం వేరే రకం మందు, దానికి రక్త పరీక్షతో మోతాదు కొలుస్తారు. నీకు చెప్పినవన్నీ ఆమెకు అలాగే వర్తించవు. నొప్పుల బిళ్ళ మాత్రం ఆమెకూ కూడదు.

వచ్చే ఆదివారం నువ్వు వస్తానన్నావు. డబ్బాలో ఉన్న బిళ్ళలన్నీ బల్ల మీద పోసి, డాక్టరు చీటీలో లేనిది ప్రతిదీ పక్కన పెట్టు. మిగిలినవాటి పేర్లు, ఏ పూట ఏది అన్నది పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించు. ఈ నెల్లో గుండె డాక్టరుతో ఒక తేదీ తీసుకుని మూడు అడుగు. హెలికోబాక్టర్ పరీక్ష చేయించాలా, క్లోపిడోగ్రెల్ ఎప్పుడు ఆపుతారు, అది ఆగాక కూడా పాంటోప్రజోల్ ఉండాలా. ఆయన చెప్పిన జవాబులు నాకు కూడా రాసి పంపు.

నీ పెద్దమ్మ