మోకాలి గుజ్జు మళ్ళీ మొలుస్తుందా?



పోయిన నెల ఒక ఆదివారం పూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక తల్లి నా కోసం వరండాలో కాచుకుని ఉంది. ఆమె చేతిలో రంగురంగుల కరపత్రం ఒకటి ఉంది. "అయ్యగారూ, మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందన్నారు. మూలకణాల సూదిమందు వేస్తే మళ్ళీ మొలుస్తుందట. అరెకరం కుదువ పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగింది. ఆమెకు అరవై మూడేళ్ళు. నలభై ఏళ్ళపాటు మిరప చేలలో వంగి పనిచేసిన మోకాళ్ళు అవి. ఇప్పుడు పూజలో మోకరించలేక గోడ పక్కన కుర్చీలో కూర్చుంటున్నది.

నేను వైద్యుణ్ణి కాను. అందుచేత వారం రోజులు గడువు అడిగాను. ఆ వారంలో చదివినదీ, తెలిసిన ఎముకల డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నదీ కలిపి ఈ పాఠం రాస్తున్నాను. ఆ తల్లి ప్రశ్న మన ఇళ్ళలో అనేకమంది ప్రశ్న కదా!

గుజ్జు అంటే ఏమిటి?

మనం గుజ్జు అని పిలిచేదాన్ని వైద్యులు మృదులాస్థి అంటారు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగాన, మోకాటి చిప్ప లోపలి వైపున తెల్లగా, నున్నగా అంటుకుని ఉండే పొర ఇది. దీని మందం కొద్ది మిల్లీమీటర్లే. అందులో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిని పట్టి ఉంచే పదార్థాన్ని కొల్లాజెన్ అనే పీచు వల కట్టి ఉంచుతుంది. ఈ మొత్తాన్ని తయారుచేసి కాపాడేవి కాండ్రోసైట్లు అనే కణాలు. అవి చాలా కొద్దిగా, ఒకదానికొకటి దూరదూరంగా ఉంటాయి.

చేయి తెగితే రక్తం వస్తుంది, గడ్డ కడుతుంది, మానుతుంది. ఎముక విరిగినా అతుక్కుంటుంది. ఈ పొరకు మాత్రం రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేవు కనుక దెబ్బ తగిలిన సంగతి మొదట తెలియదు. రక్తం రాదు కనుక బాగుచేసే కణాలు అక్కడికి చేరవు. లండనులో విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే, ఈ పొర ఒకసారి పాడైతే తిరిగి బాగుపడదని రాశాడు. ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు పైగా వైద్యుల అభిప్రాయం దాదాపు అదే.

గోథెన్‌బర్గ్‌లో జరిగిన పని

1980లలో వైద్యులు ఒక ఉపాయం వాడసాగారు. గుంటపడిన చోట కింది ఎముకకు చిన్న చిన్న రంధ్రాలు చేస్తే మూలుగ నుండి రక్తం పైకి ఊరి గడ్డ కడుతుంది. అక్కడ కొత్త పొర పుడుతుంది. అయితే అది ముతక పీచు పొర. అసలు పొరకున్న నునుపు, గట్టిదనం దానికి ఉండవు.

స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్ నగరంలో లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బర్గ్, ఆండర్స్ లిండాల్ మొదలైనవారు మరో దారి వెదికారు. రోగి మోకాలిలో బరువు తక్కువ పడే చోటు నుండి చిటికెడు మంచి పొరను తీస్తారు. ప్రయోగశాలలో అందులోని కణాలను వేరుచేసి రెండు మూడు వారాలు పెంచుతారు. తరువాత మోకాలు తెరిచి, గుంటను శుభ్రం చేసి, కాలి ఎముక పైపొర ముక్కతో మూత కుట్టి, ఆ మూత కింద కణాలను నింపుతారు. 1987లో మొదటి రోగికి ఈ చికిత్స జరిగింది.

ఇందులో ఒక చిక్కుంది. చదునైన పళ్ళెంలో పెరిగిన ఈ కణాలు సంఖ్యలో పెరుగుతాయి గాని, క్రమంగా తమ స్వరూపాన్ని మరచి మామూలు పీచు కణాల్లా మారిపోతాయి. అన్ని వైపులా తమను పట్టి ఉంచే మెత్తని పదార్థంలో ఉంచితే మళ్ళీ తమ పని గుర్తు తెచ్చుకుంటాయి. పదార్థం ఒక్కటే చాలదు, దానికి రూపం కావాలని గురువిద్యాలయంలో అరిస్టాటిల్ పాఠంగా మేము వల్లె వేసేవాళ్ళం. ఇన్నేళ్ళకు ఒక మోకాలిలో దాని ఉదాహరణ దొరికింది. తరువాతి కాలంలో కణాలను పంది కొల్లాజెన్ పొరపై పెంచి అతికించే పద్ధతి వచ్చింది. దానికి అమెరికాలో 2016లో అనుమతి లభించింది.

ఫలితం ఎంత?

1994లో వారు 23 మంది రోగుల వివరాలు ప్రచురించారు. తొడ ఎముక చివర చికిత్స పొందిన 16 మందిలో 14 మందికి రెండేళ్ళ తరువాత మంచి ఫలితం ఉంది. మోకాటి చిప్పకు చేయించుకున్న ఏడుగురిలో ఇద్దరికి మాత్రమే అటువంటి ఫలితం కనిపించింది. నార్వేలో 80 మందిని రెండు సమాన గుంపులు చేసి, ఒక గుంపుకు కణాల చికిత్స, మరొక గుంపుకు రంధ్రాల పద్ధతి చేశారు. ఐదేళ్ళ తరువాత చూస్తే రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద గుంటలకు కణాల చికిత్సే మేలని చెప్పే వైద్యులు అనేకులున్నారు. బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2017లో, రెండు చదరపు సెంటీమీటర్లకు మించిన గుంట ఉండి, మిగిలిన కీలు పెద్దగా అరగని వారికి దీనిని సిఫారసు చేసింది.

ఆ చివరి షరతును గమనించండి. ఇంటి గచ్చులో ఒకచోట పెచ్చు ఊడితే అక్కడ సిమెంటు వేసి సరిచేయవచ్చు. గచ్చంతా అరిగి కింది మట్టి తేలితే అతుకు దేన్ని పట్టుకుని నిలుస్తుంది? ఆటలోనో ప్రమాదంలోనో ఒకచోట దెబ్బతిన్న యువకుని మోకాలు మొదటి రకం. వయసుతో, పనితో కీలంతా అరిగిన మోకాలు రెండవ రకం. గోథెన్‌బర్గ్ చికిత్స మొదటివారిది.

మరి సూదిమందు మాట?

మన దేశంలో మోకీలు అరుగుదల మధ్య దశలో ఉన్నవారికి ఒక మూలకణాల మందుకు 2022లో ఔషధ నియంత్రణ అధికారి అనుమతి ఇచ్చారు. బెంగుళూరు సంస్థ తయారుచేసిన ఆ మందు ఆరోగ్యవంతులైన దాతల ఎముక మూలుగ నుండి వస్తుంది. నొప్పి తగ్గించడం, అరుగుదలను నిదానింపజేయడం దాని ఉద్దేశం. అంతమాత్రాన కరపత్రం వేసిన ప్రతివారి సూదీ అదే కాదు. అనుమతి పొందినది వేరు, ప్రయోగ దశలో ఉన్నది వేరు. ప్రయోగంలో పాల్గొనే రోగి నుండి డబ్బు తీసుకోరాదని 2017 నాటి మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనుమతి ఉన్నా మెలకువ అవసరమే. కొరియా దేశంలో 2017లో అనుమతి పొందిన ఒక మోకాలి మందులో, మృదులాస్థి కణాలని చెప్పినవి నిజానికి మూత్రపిండ సంబంధ కణాలని బయటపడి, 2019లో దాని అనుమతిని రద్దు చేశారు.

ఇది శ్రీసభ బోధకు విరుద్ధమా అని కొందరు అడుగుతారు. కణాలు ఎక్కడివన్నదే ప్రశ్న. పెద్దవారి శరీరం నుండి వారి సమ్మతితో, హాని లేకుండా తీసినవీ, ప్రసవ సమయాన బొడ్డుతాటి రక్తం నుండి తీసినవీ తప్పు కావని 2008లో వెలువడిన 'దిగ్నితాస్ పెర్సోనే' చెప్పింది. పిండాన్ని చంపి తీసేవి మాత్రం తగవు.

ఆ తల్లికి చెప్పిన జవాబు

వారం తరువాత ఆమెను డాక్టరు గారి వద్దకు తీసుకువెళ్ళాను. ఎక్స్‌రేలో రెండు ఎముకలూ దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయి. "అమ్మా, ఈ దశలో ఏ సూదీ గుజ్జు మొలిపించలేదు. పొలం జోలికి పోకండి" అన్నారాయన. తొడ కండరాలకు వ్యాయామం, బరువు తగ్గడం, చేతికర్ర, గొంతుకూర్చోవడం మానడం చెప్పారు. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట! అప్పటికీ నడవలేకపోతే కీలు మార్పిడి ఉంది, దానికి ప్రభుత్వ సహాయం దొరుకుతుందేమో కనుక్కోమన్నారు.

దారిలో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆశపడ్డానయ్యా" అంది. ఆ మాట నన్ను బాధించింది. ఆశపడడం తప్పు కాదు. ఆ ఆశను అరెకరానికి కొనజూసినవారిదే తప్పు.

కనుక ఇంట్లో ఎవరికైనా ఇటువంటి చికిత్స చెబితే సంతకానికి ముందు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. నా మోకాలిలో ఉన్నది ఒక గుంటా, కీలంతా అరిగిందా? ఈ కణాలు ఎవరివి, ఎక్కడ పెంచారు? నా జబ్బుకు దీనికి అనుమతి ఉందా, ఆ కాగితం చూపిస్తారా? ఇటువంటి రోగులు రెండేళ్ళ తరువాత ఎలా ఉన్నారు? ఇది చేయించుకోకపోతే ఏమవుతుంది? జవాబు చెప్పడానికి విసుక్కునేవారి దగ్గర నుండి లేచి రండి.

ఆ తల్లి ఇప్పటికీ గోడ పక్కన కుర్చీలోనే కూర్చుంటున్నది. మోకరించలేకపోతున్నానని ఇంకా నొచ్చుకుంటుంది. దేవుడు మోకాళ్ళను లెక్కపెట్టడని ఆమెకు చెప్పాను. మీ ఇంటి పెద్దలకు మీరూ చెప్పండి.